మార్చి మ్యాడ్‌నెస్ బ్రాకెట్: అప్‌సెట్లు ఎక్కడ పెట్టాలి, ఫేవరెట్లను ఎంతవరకు నమ్మాలి (నా అనుభవం)

అమెరికాలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. మార్చి మధ్యలో ఒక ఆదివారం సాయంత్రం కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో (దీన్నే మార్చి మ్యాడ్‌నెస్ అంటారు) ఎవరు ఎవరితో ఆడతారో టీవీలో ప్రకటిస్తారు, సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఎవరో ఒకరు పూల్ (ఎవరు గెలుస్తారో ఊహించే పోటీ) లింక్ పంపిస్తారు, గురువారం మొదటి ఆట మొదలయ్యేలోపు బ్రాకెట్ (ఏ ఆటలో ఎవరు గెలుస్తారో రాసే పట్టిక) నింపేయాలి. మొత్తం 68 జట్లు. డేటన్‌లో జరిగే ఫస్ట్ ఫోర్ అనే తొలి ఆటల్లో నాలుగు వెళ్ళిపోతే మిగిలేవి 64, వాటికి 63 ఆటలు, ఓడిన జట్టు ఇంటికే. ఆ 63 ఆటల ఫలితాలూ ముందే రాసిచ్చేయాలి, తర్వాత మార్చడానికి లేదు.

అన్నీ సరిగ్గా కొట్టాలన్న ఆశ ముందే వదిలేయండి. బొమ్మా బొరుసూ వేసి నింపితే అన్నీ కలిసివచ్చే అవకాశం దాదాపు 92 వేల కోట్ల కోట్లలో ఒకటి. 2014లో వారెన్ బఫెట్ వెనక ఉండి, తప్పులేని బ్రాకెట్‌కి వంద కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటిస్తే ఒక్కరికీ రాలేదు. 2019లో ఒకాయనకి మొదటి 49 ఆటలూ సరిగ్గా పడ్డాయి, అందరూ ఇప్పటికీ చెప్పుకునేది అదే. కాబట్టి మనం పోటీపడేది ఆ 63 ఆటలతో కాదు, పూల్‌లో ఉన్న మిగతా మనుషులతో. ఈ సంగతి బుర్రకెక్కాక నాకు బ్రాకెట్ నింపే పని మొత్తం వేరేలా కనిపించింది.

నాకు ఈ పిచ్చి పట్టింది 2022లో. అప్పుడు జెర్సీ సిటీలో ఉండేవాళ్ళం. జర్నల్ స్క్వేర్ దగ్గర ఇండియా స్క్వేర్ అని మన కొట్లూ హోటళ్ళూ ఉండే వీధి చాలామందికి తెలిసే ఉంటుంది, అక్కడికి దగ్గర్లోనే సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ. చిన్న కాలేజీ, వాళ్ళ జట్టుకి గుర్తు నెమలి. టోర్నమెంట్‌లో జట్లని నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపులో 1 నుంచి 16 దాకా ర్యాంకులిస్తారు, అవే సీడ్‌లు, 1 అంటే అందరికంటే బలమైనది. 15వ సీడ్‌గా వచ్చిన ఆ జట్టు 2వ సీడ్ కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో ఓడించింది. తర్వాత మర్రే స్టేట్‌ని, ఆ తర్వాత పర్డ్యూని 67-64తో. 15వ సీడ్ చివరి ఎనిమిదిలోకి రావడం అదే మొదటిసారి. కోచ్ షహీన్ హాలోవే ముఖం, మీసంతో ఉండే ఆటగాడు డగ్ ఎడర్ట్ వేసిన త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి. అంతకుముందు బాస్కెట్‌బాల్ అంటే నాకు స్కూల్లో పీఈటీ సార్ ఆడించినంతవరకే తెలుసు.

డాలస్ వచ్చాక మా టీమ్ లీడ్ పర్డ్యూలో చదివినాయన అని తెలిసింది. పాపం ఆయన జట్టు 2021లో 13వ సీడ్ నార్త్ టెక్సస్ చేతిలో, 2022లో మా నెమళ్ళ చేతిలో, 2023లో ఏకంగా 16వ సీడ్ ఫెర్లీ డికిన్సన్ చేతిలో ఓడింది. ఏడడుగుల నాలుగు అంగుళాల జాక్ ఈడీ ఉన్న 1వ సీడ్, దేశంలోనే అందరికంటే పొట్టి జట్టు చేతిలో 63-58తో పోయింది! అయినా ఆయన మరుసటి ఏడు మళ్ళీ అదే ఆశతో కూర్చున్నాడు, పర్డ్యూ ఫైనల్ దాకా వెళ్ళింది. బ్రాకెట్ ఎలా చదవాలో నాకు ఓపిగ్గా నేర్పింది ఆయనే.

2025లో నేను చేసింది వివరంగా రాస్తాను, ఎందుకంటే పద్ధతి ప్రకారం కూర్చుని నింపింది ఆ ఏడాదే.

అన్నిటికంటే ముందు పాయింట్లు ఎలా ఇస్తారో చూశాను. మా పూల్‌లో లెక్క చాలా చోట్ల ఉండేదే: మొదటి రౌండ్ ఆటకి 10, తర్వాత 20, 40, 80, 160, ఛాంపియన్‌ని సరిగ్గా చెబితే 320. అంటే మొదటి రౌండ్‌లో 32 ఆటలూ కొట్టినా వచ్చేది 320, ఛాంపియన్ ఒక్కటి కొట్టినా 320. అయినా చాలామంది ఎడమవైపు పైనుంచి మొదలుపెట్టి, మొదటి రౌండ్ అప్‌సెట్ల (చిన్న జట్టు పెద్ద జట్టుని ఓడించే ఆటల) దగ్గర గంటలు గంటలు కూర్చుని, ఛాంపియన్ దగ్గరికొచ్చేసరికి విసుగొచ్చి ఏదో ఒక పేరు పెట్టేస్తారు. నేను వెనకనుంచి మొదలుపెట్టాను. ముందు ఛాంపియన్, తర్వాత ఫైనల్, తర్వాత ఫైనల్ ఫోర్ (సెమీస్ ఆడే నాలుగు జట్లు), అక్కడినుంచి మొదటి రౌండ్‌కి దిగాను.

ఆ ఏడాది డ్యూక్, హ్యూస్టన్, ఆబర్న్, ఫ్లోరిడా నాలుగూ 1వ సీడ్‌లు. కెన్ పొమెరాయ్ రేటింగ్స్ (అందరూ కెన్‌పామ్ అంటారు) చూస్తే ఆ నాలుగూ మిగతా జట్లకంటే బాగా ముందున్నాయి. కెన్‌పామ్ చూసేది గెలుపోటముల సంఖ్య కాదు. వంద పొజెషన్లలో (బంతి ఒక జట్టు చేతికి వచ్చిన ప్రతిసారీ ఒక పొజెషన్) ఎన్ని పాయింట్లు చేస్తారు, ఎన్ని ఇస్తారు, అవతలివాళ్ళు ఎంత గట్టివాళ్ళు అని సరిచేసి లెక్క కడుతుంది. సీడ్ అనేది కమిటీ ఇచ్చే ర్యాంకు, ఈ రేటింగ్ జట్టు అసలు బలం. ఈ రెండూ ఎక్కడ కలవవో అక్కడే మనకి పని.

డ్యూక్‌లో స్టార్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ ఉన్నాడు, దేశంలో అందరికంటే ఎక్కువమంది పెట్టిన ఛాంపియన్ డ్యూక్. మా రూమ్మేట్ గుంటూరు కుర్రాడు. "డ్యూక్ కాకుండా ఇంకెవరు గెలుస్తారు మావా, ఊరికే పాయింట్లు పోగొట్టుకోకు" అని ఒకటే గోల. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు, డ్యూక్ నిజంగా గొప్ప జట్టు. కానీ పూల్‌లో సగం మంది డ్యూక్ పెడతారనుకుంటే, డ్యూక్ గెలిచినా ఆ సగం మందిలో నేనొకణ్ణి, మళ్ళీ వాళ్ళందరినీ చిన్న చిన్న ఆటల్లో దాటాలి. ఐదారుగురు ఉన్న పూల్ అయితే నేనూ డ్యూకే పెట్టేవాణ్ణి. మాది పెద్దది. అందుకే బలంలో దాదాపు అంతే ఉండి, తక్కువమంది పెట్టే జట్టు కావాలి నాకు. హ్యూస్టన్ పెట్టాను. కోచ్ కెల్విన్ శాంప్సన్ జట్టు డిఫెన్స్ గురించి వేరే చెప్పక్కర్లేదు, తమ కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) బిగ్ 12లో 19 గెలిచి ఒక్కటే ఓడారు, పైగా ఆ ఏడాది త్రీలు కూడా బాగా వేసేవాళ్ళు. ఫైనల్లో అవతల ఫ్లోరిడా.

ఫైనల్ ఫోర్‌లో నాలుగో జట్టుగా ఆబర్న్ బదులు 2వ సీడ్ మిషిగన్ స్టేట్‌ని పెట్టాను. నాలుగు 1వ సీడ్‌లూ ఫైనల్ ఫోర్‌కి రావడం అప్పటిదాకా 2008లో ఒక్కసారే జరిగింది కాబట్టి మూడింటి దగ్గర ఆగాను.

ఇక అప్‌సెట్లు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

అప్‌సెట్ పెట్టినప్పుడు మనం పణంగా పెట్టేది ఆ 10 పాయింట్లే కాదు. పంపించేసిన పెద్ద జట్టు నిజానికి గెలుస్తూ పోతే తర్వాతి రౌండ్లలో వచ్చే 20, 40, 80 అన్నీ పోతాయి. 2వ సీడ్‌ని మొదటి రౌండ్‌లో పంపించడం అందుకే ఖరీదైన సరదా. 1985 నుంచి 2025 దాకా 15వ సీడ్ గెలిచింది 11 సార్లు, 16వ సీడ్ గెలిచింది రెండేసార్లు: 2018లో వర్జీనియాని 74-54తో చితక్కొట్టిన యూఎంబీసీ, ఇందాక చెప్పిన ఫెర్లీ డికిన్సన్. సెయింట్ పీటర్స్ అంటే నాకెంత ప్రాణమైనా, అలాంటి జట్టు మళ్ళీ ఎక్కడో ఉంటుందని వెతికి బ్రాకెట్‌లో పెట్టను. అదే 5వ సీడ్ అయితే వేరే సంగతి. మామూలుగా 12వ సీడ్‌లు మూడింట ఒకటికంటే కాస్త ఎక్కువే గెలుస్తాయి, పైగా ఆ 5వ సీడ్ గెలిచినా రెండు ఆటల తర్వాత 1వ సీడ్‌కి ఎదురుపడుతుంది, అక్కడ నేను ఎలాగూ 1వ సీడ్‌నే పెట్టాను. అంటే పోయేది తక్కువ. 6, 11 మధ్య ఆటలదీ ఇదే లెక్క. 8, 9 ఆటలు సగం సగం, వాటి దగ్గర టైమ్ వృథా చేయలేదు.

చోటు తెలిసింది, ఏ జట్టు అనేది తేలాలి. చిన్న జట్టు పెద్దదాన్ని ఓడించే దారులు నాకు తెలిసి కొన్నే. ఒకటి, ఆటని నెమ్మదింపజేయడం. పొజెషన్లు ఎక్కువైతే బలవంతుడి బలం బయటపడుతుంది, తక్కువైతే నాలుగు షాట్లు అటూ ఇటూ అయినా ఫలితం మారిపోతుంది. 2025లో దేశంలోనే అందరికంటే నిదానంగా ఆడిన జట్టు డ్రేక్. కోచ్ బెన్ మెక్‌కాలమ్ డివిజన్ 2 (కింది స్థాయి) కాలేజీలో తన దగ్గర ఆడిన కుర్రాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు, అంటే ఒకరి ఆట ఒకరికి బాగా తెలిసిన జట్టు. 11వ సీడ్. ఎదురుగా మిజోరీ. ఇది కళ్ళు మూసుకుని పెట్టాను. ఇంకోటి త్రీలు: 2024లో ఓక్లండ్ కుర్రాడు జాక్ గోల్కీ పది త్రీలు వేసి కెంటకీని ఇంటికి పంపాడు. కాకపోతే త్రీలు పడే రోజు ఏదో ముందుగా ఎవరూ చెప్పలేరు. మూడోది గాయాలు, చాలామంది చూడనిది ఇదే. 5వ సీడ్ మెంఫిస్ గార్డ్ టైరీస్ హంటర్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో కాలికి దెబ్బ తగిలి ఆడట్లేదు. 12వ సీడ్ కొలరాడో స్టేట్‌నే బుకీలు ఫేవరెట్‌గా చూపిస్తున్నారు! సీడ్ ప్రకారం అప్‌సెట్, బలం ప్రకారం కాదు. అలాంటిది దొరికితే వదలకూడదు.

క్లెమ్సన్ మీద మెక్‌నీస్‌ని కూడా పెట్టాను. ఆ ఏడాది అందరూ ముచ్చటపడింది మాత్రం యూసీ శాన్ డియేగో మీద, డివిజన్ 1 టోర్నమెంట్‌కి అర్హత వచ్చిన మొదటి ఏడే 30 ఆటలు గెలిచి వచ్చారు. కానీ అవతల మిషిగన్‌లో ఇద్దరు ఏడడుగులవాళ్ళు, అందుకే నేను మిషిగన్‌నే ఉంచాను.

గురువారం మన సెంట్రల్ టైమ్ 11:15కి మొదటి ఆట. పక్క మానిటర్‌లో ఆట, ఎదురుగా కోడ్, ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు ఆ రెండు రోజులు. మెక్‌నీస్ హాఫ్ టైమ్‌కి 31-13తో ఆధిక్యంలో ఉంది. క్లెమ్సన్ అంతటి జట్టు ఒక హాఫ్‌లో 13 పాయింట్లు! చివర్లో క్లెమ్సన్ దూసుకొచ్చి 69-67 దాకా వచ్చింది కానీ మెక్‌నీసే గెలిచింది, ఆ ఐదు నిమిషాలు నాకు టెన్షన్‌తో చేతులు ఆడలేదు. డ్రేక్ 67-57తో గెలిచింది. మర్నాడు కొలరాడో స్టేట్ 78-70. మిషిగన్ మూడంటే మూడు పాయింట్లతో బతికింది, 68-65.

శనివారం దెబ్బ తగిలింది. 2వ సీడ్ సెయింట్ జాన్స్‌ని నేను ఇంకా ముందుకి పంపాను, వాళ్ళు అర్కన్సా మీద 22 త్రీలు వేస్తే రెండే పడ్డాయి. అక్కడితో ఆ మూల ఖాళీ.

ఆ తర్వాత అప్‌సెట్లు దాదాపు ఆగిపోయాయి. చివరి 16 జట్లూ నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌లవే, అందులో ఒక్క ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ నుంచే ఏడు. చిన్న కాలేజీలో బాగా ఆడిన కుర్రాణ్ణి మర్నాటి ఏడు పెద్ద కాలేజీ డబ్బిచ్చి తీసుకుపోయే రోజులొచ్చాయి కాబట్టి ఇకముందు ఫేవరెట్లని ఇంకాస్త ఎక్కువ నమ్మాలని నాకనిపిస్తోంది. ఆ కుర్రాళ్ళకి డబ్బు రావడం న్యాయమే, ఎన్నో ఏళ్ళు వాళ్ళ ఆట మీద అందరూ సంపాదించారు. కానీ సెయింట్ పీటర్స్ లాంటి జట్టు రెండేళ్ళు కలిసి ఆడే వీలు లేకుండా పోతుంటే బాధగా ఉంది.

ఆ చివరి 16లో, ఇండియానాపొలిస్‌లో హ్యూస్టన్, పర్డ్యూ తలపడ్డాయి. చివరి సెకన్లో మిలోస్ ఉజాన్ లేఅప్, 62-60. నాకు 40 పాయింట్లు వచ్చాయి, మా టీమ్ లీడ్‌కి మాత్రం ఫోన్ చేయడానికి మనసొప్పలేదు. ఆయనే మెసేజ్ పెట్టాడు, మంచి ఆట అని. మిషిగన్ స్టేట్ ఆబర్న్ చేతిలో 70-64తో పోయింది, నాలుగు 1వ సీడ్‌లూ ఫైనల్ ఫోర్ జరిగే శాన్ ఆంటోనియో చేరాయి.

సెమీస్‌లో డ్యూక్ రెండో హాఫ్‌లో 14 పాయింట్ల ఆధిక్యంలో ఉంటే మా రూమ్మేట్ అప్పుడే బిర్యానీ ఆర్డర్ పెట్టమన్నాడు. హ్యూస్టన్ వదల్లేదు, 70-67. ఆ ఒక్క ఆటతో పూల్‌లో సగం బ్రాకెట్లు చచ్చిపోయాయి, నేను మూడో స్థానానికి వచ్చాను. హ్యూస్టన్ గెలిస్తే నేనే మొదలు.

ఏప్రిల్ 7 ఫైనల్లో హ్యూస్టన్ రెండో హాఫ్‌లో 12 పాయింట్లు పైన ఉంది. ఫ్లోరిడా గార్డ్ వాల్టర్ క్లేటన్ మొదటి హాఫ్ అంతా ఒక్క పాయింటూ చేయలేదు, రెండో హాఫ్‌లో 11 చేశాడు. చివరి పొజెషన్, రెండు పాయింట్ల తేడా, ఇమాన్యుయెల్ షార్ప్ త్రీ వేయబోయాడు, క్లేటన్ మీదికి దూకేసరికి వేయలేక బంతి వదిలేశాడు. 65-63. ఫ్లోరిడాని పెట్టిన మా అకౌంట్స్ టీమ్ అమ్మాయి పూల్ గెలిచింది, నేను రెండో స్థానం. హ్యూస్టన్ కుర్రాళ్ళు అలా నేలమీద కూర్చుండిపోతే చూడలేకపోయాను, మర్నాడు కూడా మనసు బాగోలేదు.

ఈసారి మహిళల బ్రాకెట్ కూడా నింపుతున్నాను. అక్కడ లెక్క వేరు: పై 16 జట్లూ మొదటి రెండు రౌండ్లు సొంత కోర్టులోనే ఆడతాయి కాబట్టి మొదట్లో అప్‌సెట్లు బాగా తక్కువ. 1998లో 16వ సీడ్ హార్వర్డ్ అమ్మాయిలు స్టాన్‌ఫర్డ్‌ని వాళ్ళ కోర్టులోనే 71-67తో ఓడించారు, అదీ మగవాళ్ళలో ఎవరూ చేయకముందే. ఇక్కడ కూడా వెనకనుంచే మొదలుపెడతాను, కానీ మొదటి రౌండ్‌లో ఫేవరెట్లను దాదాపు కదపను. డ్యూక్ రూమ్మేట్ కూడా చేరతానన్నాడు.