మురుగునీటి శుద్ధి కేంద్రంలో చూసినది

ఇటీవల ఒక మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని దగ్గరగా చూసే అవకాశం కలిగింది. ముక్కు మూసుకోవలసి వస్తుందనుకున్నాను కానీ, అడుగు నుంచి గాలి బుడగలు ఎగదన్నుతున్న ఆ గోధుమరంగు తొట్టి దగ్గర తడిమట్టి వాసన తప్ప మరేమీ లేదు. అక్కడి ఉద్యోగి ఆ నీటిని లీటరు గాజు గొట్టంలో పట్టి కదపకుండా ఉంచగా, అరగంటలో బురద అడుగుకు చేరి పైన తేటనీరు నిలిచింది.

ఆ బురదలో ముఖ్యంగా ఉండేవి సేంద్రియ మలినాలను తిని బతికే సూక్ష్మజీవులే. అంతకుముందు పారబోస్తూ వచ్చిన ఈ బురదనే మళ్లీ వాడితే, వారాలు పట్టే శుద్ధి గంటల్లో పూర్తవుతుందని 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు.

అయితే ఈ జీవులు సీసం, క్రోమియం వంటి లోహాలను నాశనం చేయలేవు, పైగా విషపూరితమైన పారిశ్రామిక వ్యర్థజలం ఒక్కసారిగా వచ్చి పడితే అవే చచ్చిపోతాయి కాబట్టి, ఆ నీటిని కర్మాగారంలోనే విడిగా శుద్ధి చేయించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. పొలాల నుంచి వాననీటితో కొట్టుకొచ్చే ఎరువుల సంగతి మరీ చిక్కు, ఎందుకంటే అవి ఏ గొట్టం గుండానూ రావు. గట్ల వెంట గడ్డి, చెట్లు పెంచితే కొంత ఆగుతాయి. ఆ ఎరువుల ద్వారా చెరువులో ఇప్పటికే చేరిన భాస్వరం మాత్రం, కొత్తది రావడం ఆగిపోయినా, అడుగుమట్టి నుంచి ఏళ్ల తరబడి నీటిలోకి ఊరుతూ నాచును పెంచుతూనే ఉంటుంది.