ముందు మెడికల్, తర్వాతే ఫీజు

నేను పైలట్‌ని కదా, మొన్న పెళ్లిలో బాబాయ్ నన్ను పక్కకి పిలిచి, "మావాడు ఎంపీసీ, పైలట్ అవుతానంటున్నాడు, ఎంతవుతుందిరా?" అనడిగాడు. ఎంతవుతుందో తర్వాత చూద్దాం బాబాయ్, ముందు మెడికల్ చేయించు అన్నాను. ముందు క్లాస్ టూ మెడికల్, ఆ వెంటనే క్లాస్ వన్, రెండూ డీజీసీఏ, అంటే మన విమానయాన నియంత్రణ సంస్థ, గుర్తించిన డాక్టర్ల దగ్గరే. ఫ్లైయింగ్ స్కూల్లో నాతో చేరిన ఒకబ్బాయి ఫీజంతా కట్టేశాక రంగులు గుర్తించే పరీక్ష దగ్గర ఆగిపోయాడు, వాళ్ల నాన్న ముఖం నాకింకా గుర్తుంది.

సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, 200 గంటలు ఎగరాలి, నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ లాంటి పేపర్లు పాసవ్వాలి. ఇవన్నీ కష్టపడితే అయిపోతాయి. మొదటిసారి ఒంటరిగా ఎగిరిన సోలో రోజు సెస్నా అనే చిన్న శిక్షణ విమానంలో పక్క సీటు ఖాళీ, ఇన్‌స్ట్రక్టర్ బరువు లేదు కదా, విమానం రోజూకంటే ముందే నేల వదిలేసింది, ఒక్క రౌండ్ కొట్టి దిగేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది. అంత ఆనందం నాకు మళ్లీ దొరకలేదు.

అసలు కష్టం లైసెన్సు చేతికొచ్చాకే. ఉద్యోగం లేకుండా రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. అప్పటికే నాన్న రెండెకరాలు అమ్మేశారు, టైప్ రేటింగ్‌కి, అంటే ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా చేసే శిక్షణకి, మళ్లీ లక్షలు కావాలి, ఎవరింటికెళ్లినా "ఇంకా రాలేదా" అనే ప్రశ్న. డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఈ ఖాళీ కాలాన్ని కూడా కలుపుకోమని బాబాయ్‌కి గట్టిగా చెప్పాను.

ఇప్పుడు ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కోపైలట్‌ని. తెల్లవారుజామున రెండున్నరకి లేవడం, మూడింటికి క్యాబ్, డ్యూటీ ఎక్కేముందు బ్రీత్ అనలైజర్‌లో ఊదడం. జలుబు చేస్తే అమ్మ ఇచ్చే హోమియో చుక్కలు కూడా వేసుకోను, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. ఒక్కోరోజు హైదరాబాద్, విజయవాడ, మళ్లీ హైదరాబాద్, రాజమండ్రి, తిరిగి హైదరాబాద్ అంటూ నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ప్రయాణాలు. గన్నవరంలో దిగి, తెనాలిలో ఉన్న అమ్మని చూడకుండానే అరగంటలో మళ్లీ ఎగిరిపోతాను. ఆరు నెలలకోసారి కాక్‌పిట్ నమూనా అయిన సిమ్యులేటర్‌లో చెక్ ఉంటుంది, ఎన్నేళ్ల అనుభవమున్నా ఆ వారం టెన్షనే. పండగలు డ్యూటీ రోస్టర్‌ని బట్టే.

అయినా ఈ పని వదలను. వానాకాలంలో నల్లటి మబ్బు పొరలోంచి పైకి తేలగానే ఒక్కసారిగా ఎండ కాక్‌పిట్ నిండా పరుచుకుంటుంది చూడండి, దానికోసం ఎన్నిసార్లయినా రెండున్నరకి లేస్తాను.

రాత్రి బాబాయ్‌కి డాక్టర్ల లిస్టు పంపాను. రేపు నాకు స్టాండ్‌బై, పిలుపొస్తే డ్యూటీకి వెళ్లాలి, అందుకే ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకోవాలి.