టాలరెన్స్ పెంచే ముందు డిఫ్ బొమ్మ చూడండి: మాట్‌ప్లాట్‌లిబ్ ఇమేజ్ టెస్టులు ఫెయిలైనప్పుడు

మాట్‌ప్లాట్‌లిబ్ అంటే పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ. దాని ఇమేజ్ టెస్టులు కొత్తగా గీసిన బొమ్మను ముందే దాచుకున్న బొమ్మతో, అంటే బేస్‌లైన్‌తో, పోలుస్తాయి. ఆ టెస్టుల్ని నడిపే పైటెస్ట్ అంతా పచ్చగా నడిచి, చివర్లో ఒక టెస్ట్ దగ్గర ఎర్రబడుతుంది. "ఇమేజెస్ నాట్ క్లోజ్, ఆర్‌ఎంఎస్ 1.029" అని ఒక లైను, కింద మూడు ఫైళ్ల దారులు. చాలామంది ఇక్కడ చేసే పని ఒకటే: టెస్ట్ ఫంక్షన్ మీద ఉండే డెకరేటర్‌లో టోల్ (ఎంత తేడాను సహించాలో చెప్పే టాలరెన్స్) విలువను 1.1 చేసి కమిట్ కొట్టేస్తారు. టెస్ట్ పాసవుతుంది. కానీ ఆ 1.029 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాన్ని పెంచితే, ఆ టెస్ట్ ఉన్నా లేనట్టే.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. బేస్‌లైన్ బొమ్మలో ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 వరకు. వాటిలోంచి కొత్త బొమ్మలో అదే చోట ఉన్న విలువలను తీసివేసి, వచ్చిన తేడాను వర్గం చేసి, మొత్తం బొమ్మ మీద సగటు కట్టి, వర్గమూలం తీస్తారు. అదే ఆర్‌ఎంఎస్. డిఫాల్ట్ సైజు 640×480 అనుకుంటే మొత్తం 3,07,200 పిక్సెళ్లు. ఇప్పుడు అక్షం మీద ఒక టిక్ గీత మాయమైందనుకోండి. డిఫాల్ట్ టిక్ పొడవు 3.5 పాయింట్లు, 100 డీపీఐ దగ్గర సుమారు 5 పిక్సెళ్లు, వెడల్పు ఒక పిక్సెల్. 5 నల్ల పిక్సెళ్లు తెల్లబడితే ఆర్‌ఎంఎస్ 255 × √(5 ÷ 3,07,200), అంటే 1.029. సరిగ్గా పైన చూసిన అంకె. బొమ్మలోని ప్రతి పిక్సెల్‌లోనూ ఒక్క స్థాయి తేడా వచ్చినా, కంటికి ఏమీ కనపడకపోయినా, ఆర్‌ఎంఎస్ 1.0 వస్తుంది. ఒకటి నిజమైన బగ్, ఇంకోటి రౌండింగ్ దుమ్ము. అంకెలు మాత్రం దాదాపు ఒక్కటే.

సొంత ప్రాజెక్టుల్లో చాలామంది వాడే పైటెస్ట్-ఎంపీఎల్ ప్లగిన్‌లో డిఫాల్ట్ టాలరెన్స్ 2. పై లెక్క ప్రకారం మూడు టిక్ గీతలు ఒకేసారి పోయినా ఆర్‌ఎంఎస్ 1.78 దగ్గరే ఆగుతుంది, టెస్ట్ పాసవుతుంది. ఇది తెలిసే ఆ విలువను వాడుకోవాలి. ఇదే ప్లగిన్‌లో ఇంకో గొయ్యి ఉంది. కమాండ్‌లో ఎంపీఎల్ ఫ్లాగ్ ఇవ్వకపోతే టెస్ట్ ఫంక్షన్ నడుస్తుంది, బొమ్మ తయారవుతుంది, పోలిక మాత్రం జరగదు. అన్నీ పాసైనట్టే చూపిస్తుంది. సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టుల్ని తనంతట తానే నడిపే సర్వర్‌లో) ఆ ఫ్లాగ్ నిజంగా ఉందో లేదో ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

ఇక అసలు పని. మాట్‌ప్లాట్‌లిబ్ సొంత డెకరేటర్ వాడితే, టెస్టులు నడిపిన ఫోల్డర్‌లోనే రిజల్ట్ ఇమేజెస్ అనే ఫోల్డర్ తయారవుతుంది, అందులో ఒక్కో టెస్ట్ మాడ్యూల్‌కు ఒక సబ్‌ఫోల్డర్. ఫెయిలైన ప్రతి టెస్టుకు మూడు ఫైళ్లు: ఇప్పుడు గీసిన బొమ్మ, పేరు చివర ఎక్స్‌పెక్టెడ్ అని ఉన్న బేస్‌లైన్ కాపీ, ఫెయిల్డ్-డిఫ్ అని ఉన్న తేడా బొమ్మ. తేడా బొమ్మలో వ్యత్యాసాన్ని 10 రెట్లు పెంచి చూపిస్తారు. అయినా ఒకటి రెండు స్థాయిల తేడా 10, 20 దగ్గరే ఉంటుంది కాబట్టి బొమ్మంతా నల్లగానే కనిపిస్తుంది. "డిఫ్‌లో ఏమీ లేదు, అయినా ఫెయిలవుతోంది" అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. అలాంటప్పుడు రెండు బొమ్మలనూ నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) అర్రేలుగా, అంటే అంకెల పట్టికలుగా తెరిచి, విలువలు సమానం కాని చోట 255, మిగతా చోట 0 పెట్టి కొత్త బొమ్మ సేవ్ చేయండి. తేడా ఎక్కడుందో తెల్లగా బయటపడుతుంది. తేడా ఎంతో కూడా కావాలంటే, తీసివేసే ముందు అర్రేలను 16 బిట్ల ఇంటిజర్లుగా మార్చడం మర్చిపోవద్దు. 8 బిట్ల అన్‌సైన్డ్ విలువల్లో 3 లోంచి 5 తీసేస్తే మైనస్ 2 రాదు, 254 వస్తుంది. చిన్న తేడా పెద్ద మచ్చలా కనపడి దారి తప్పిస్తుంది.

డిఫ్ బొమ్మలో అక్షరాల అంచులు మాత్రమే మెరుస్తూ, గీతలూ రంగులూ ఉన్న చోట నల్లగా ఉంటే అది ఫాంట్ సంగతి, నూటికి తొంభై సార్లు అక్షరాలు గీసే లైబ్రరీ ఫ్రీటైప్. మాట్‌ప్లాట్‌లిబ్ బేస్‌లైన్లు ఏళ్ల తరబడి 2015లో వచ్చిన ఫ్రీటైప్ 2.6.1తో గీసినవి. సోర్సు నుంచి మామూలుగా బిల్డ్ చేస్తే ఆ వెర్షన్నే దించుకుని లోపల కలుపుకునేది అందుకే. లినక్స్ డిస్ట్రోలు ఇచ్చే ప్యాకేజీలో గానీ, సిస్టమ్ ఫ్రీటైప్ ఆప్షన్ పెట్టి చేసిన బిల్డ్‌లో గానీ కొత్త ఫ్రీటైప్ ఉంటుంది. అక్షరాన్ని పిక్సెళ్లుగా మార్చే తీరు వెర్షన్‌ను బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి, అక్షరం ఉన్న ప్రతి బొమ్మా ఫెయిలవుతుంది. ఒకటి రెండు కాదు, వందల్లో. ఎఫ్‌టీ2ఫాంట్ మాడ్యూల్‌లో ఫ్రీటైప్ వెర్షన్ చెప్పే వేరియబుల్ ఉంది, దాన్ని ప్రింట్ చేస్తే పది సెకన్లలో తేలిపోతుంది. టెస్టులు మొదలయ్యేటప్పుడే సరైన ఫ్రీటైప్ లేదని, చాలా ఇమేజ్ టెస్టులు ఫెయిలవుతాయని ఒక వార్నింగ్ కూడా వస్తుంది. లాగ్‌ను చివర నుంచి చదివే అలవాటు వల్ల అది ఎవరి కంటా పడదు.

ఫ్రీటైప్ తేడాకు మందు టోల్ పెంచడం కాదు. అక్షరాలతో పని లేని టెస్ట్ అయితే రిమూవ్ టెక్స్ట్ ఆప్షన్ ఆన్ చేయండి. టైటిళ్లు, టిక్ లేబుళ్లు తీసేసి పోలుస్తుంది. గీత రంగు, మార్కర్ ఆకారం, కాంటూర్ స్థాయిలు చూసే టెస్టులో అక్షాల మీది అంకెలెందుకు?

తెలుగు లేబుళ్లతో గ్రాఫులు గీసేవాళ్లకు ఈ ఫాంట్ గొడవ ఇంకో రూపంలో వస్తుంది. డిఫాల్ట్ ఫాంట్ డెజావు సాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు. "తలసరి ఆదాయం" అని లేబుల్ పెడితే వరుసగా డబ్బాలు వస్తాయి, గ్లిఫ్ 3108 ఫాంట్‌లో లేదంటూ వార్నింగ్ వస్తుంది. 3108 అంటే మన "త". మీ ల్యాప్‌టాప్‌లో నోటో సాన్స్ తెలుగు ఉండి, సీఐ మెషీన్‌లో లేకపోతే, ఇక్కడ పాసైన టెస్ట్ అక్కడ ఫెయిలవుతుంది. ఫాంట్ ఫైలును ప్రాజెక్టులోనే పెట్టుకుని, ఫాంట్ మేనేజర్‌లోని యాడ్‌ఫాంట్ ఫంక్షన్‌తో దారి ఇచ్చి లోడ్ చేయడమే నమ్మకమైన పద్ధతి. సిస్టమ్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్ కనిపించకపోతే మాట్‌ప్లాట్‌లిబ్ క్యాష్ ఫోల్డర్‌లోని ఫాంట్‌లిస్ట్ ఫైలును తీసేయండి, మళ్లీ రన్ చేసినప్పుడు కొత్తగా తయారవుతుంది. వత్తుల విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మాట్‌ప్లాట్‌లిబ్ 3.10 వరకు పీఎన్‌జీ బొమ్మలు గీసే ఆగ్ బ్యాకెండ్ అక్షరాలను ఒక్కొక్కటిగా పక్కపక్కన పెట్టుకుంటూ పోతుంది, వాటిని కలిపి సరైన రూపం ఇచ్చే షేపింగ్ చేయదు. అందుకే "రాష్ట్రం" రాస్తే ష కింద వత్తులు చేరవు, పొల్లులు విడివిడిగా నిలబడతాయి. ఆ బొమ్మనే చూడకుండా బేస్‌లైన్‌గా సేవ్ చేస్తే, టెస్ట్ ఆ తప్పునే కాపలా కాస్తుంది, రేపు ఎవరైనా సరిచేస్తే ఫెయిలని అరుస్తుంది. తెలుగు ఉన్న ప్రతి బేస్‌లైన్‌నూ తెలుగు చదవగలిగిన మనిషి కళ్లతో చూశాకే కమిట్ చేయాలి.

డిఫ్‌లో ఒక గీత జంటగా, ఒకటి పక్కన ఒకటి మెరుస్తుంటే ఆ గీత ఒక పిక్సెల్ జరిగిందని అర్థం. అడ్డం, నిలువు గీతలు మసకబారకుండా ఉండటానికి వాటిని దగ్గరి పిక్సెల్‌కు అతికిస్తారు, దీన్నే స్నాపింగ్ అంటారు. గీత స్థానం లెక్కలో సరిగ్గా రెండు పిక్సెళ్ల నడిమికి వస్తే, పదహారో దశాంశ స్థానంలో తేడా చాలు, ఇటు వెళ్లాల్సింది అటు వెళ్తుంది. ఆ చిన్న తేడా చాలాసార్లు ప్రాసెసర్ నుంచే వస్తుంది. ఆర్మ్64 మెషీన్లలో కంపైలర్ గుణకారం, కూడిక రెండిటినీ కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా మారుస్తుంది, రౌండింగ్ ఒక్కసారే జరుగుతుంది. మామూలు ఎక్స్86-64 బిల్డుల్లో రెండుసార్లు జరుగుతుంది. రెండూ తప్పు కాదు, సమాధానాలు మాత్రం వేరు. ఇంటెల్ ప్రాసెసర్లలోనూ ఒకదాంట్లో ఏవీఎక్స్-512 (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసే ఇన్‌స్ట్రక్షన్లు) ఉండి ఇంకోదాంట్లో లేకపోతే నంపై సైన్, కొసైన్ విలువల చివరి అంకె మారవచ్చు. ఇది అనుమానమైతే ఎన్‌పీవై డిజేబుల్ సీపీయూ ఫీచర్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫీచర్ల పేర్లు ఇచ్చి మళ్లీ నడపండి. ఫెయిల్ పోతే దొంగ దొరికినట్టే.

దీనికి మంచి పరిష్కారం టెస్ట్ డేటాను కొంచెం జరపడం. అక్షం పరిమితులు 0 నుంచి 10 కాకుండా 0 నుంచి 10.3 పెడితే గీత ఆ నడిమి స్థానం నుంచి తప్పుకుంటుంది. కాంటూర్లు, ట్రయాంగిల్ మెష్‌ల విషయంలో అంత తేలిక కాదు. అక్కడ చిన్న తేడా వల్ల కోడ్ వేరే కొమ్మలోకి వెళ్లి గీత దారే మారిపోతుంది. అలాంటి చోట మాట్‌ప్లాట్‌లిబ్ టెస్టుల్లోనే చేసినట్టు, ఎక్స్86-64 మీద టోల్ సున్నా, మిగతా చోట్ల 0.03 లాంటి చిన్న విలువ అని ప్లాట్‌ఫామ్‌ను బట్టి రాయండి. ఇలా రాస్తే కారణం కోడ్‌లోనే కనపడుతుంది, ప్రధాన ప్లాట్‌ఫామ్ మీద కాపలా సడలదు.

సైజులు కలవలేదని మెసేజ్ వస్తే అసలు పోలికే జరగలేదని గుర్తు. ఎత్తు 480, వెడల్పు 640 ఉండాల్సింది 639 వచ్చిందంటే ముందు బొమ్మ సేవ్ చేసేటప్పుడు బీబాక్స్ టైట్ ఆప్షన్ వాడారేమో చూడండి. అది అక్షరాల కొలతల్ని బట్టి బొమ్మను కత్తిరిస్తుంది కాబట్టి, ఫాంట్ తేడా పిక్సెల్ తేడాగా బయటపడుతుంది.

పీఎన్‌జీ పాసై, పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ మాత్రమే ఫెయిలైతే దృష్టి వేరే వైపు పెట్టాలి. పీడీఎఫ్, ఈపీఎస్‌లను ఘోస్ట్‌స్క్రిప్ట్, ఎస్‌వీజీని ఇంక్‌స్కేప్ ముందు పీఎన్‌జీగా మారుస్తాయి, పోలిక ఆ తర్వాతే. ఘోస్ట్‌స్క్రిప్ట్ 9.56తో పీడీఎఫ్ చదివే భాగాన్నే కొత్తగా సీలో రాసి డిఫాల్ట్ చేశారు. అలాంటి మార్పు తర్వాత మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా బొమ్మ అంచులు మారవచ్చు. ఈ టూల్స్ అసలు లేకపోతే టెస్ట్ ఫెయిలవదు, స్కిప్ అవుతుంది. "నా దగ్గర అన్నీ పాస్" అనే మాట వెనక ఎన్ని స్కిప్పులున్నాయో పైటెస్ట్ చివరి లైనులో చూడాలి.

ఒంటరిగా నడిపితే పాసై, మొత్తం సూట్‌లో ఫెయిలయ్యే టెస్ట్ అయితే పాపం దానిది కాదు, దానికంటే ముందు నడిచిన టెస్టుది. ఎవరో ఆర్‌సీపారమ్స్‌లో (మాట్‌ప్లాట్‌లిబ్ మొత్తానికీ వర్తించే సెట్టింగుల్లో) ఫాంట్ సైజు మార్చి వదిలేశారు, లేదా ఫిగర్ మూయకుండా పోయారు. సెట్టింగులు మార్చే ప్రతి చోటా ఆర్‌సీ కాంటెక్స్ట్ బ్లాక్ వాడండి, ప్రతి టెస్ట్ తర్వాత అన్ని ఫిగర్లూ మూసే ఫిక్స్చర్ (ప్రతి టెస్టుకు ముందూ వెనకా పైటెస్ట్ నడిపే ఫంక్షన్) ఒకటి పెట్టండి. ర్యాండమ్ డేటా వాడే టెస్టులో ప్రతిసారీ అవే అంకెలు వచ్చేలా చేసే సీడ్ తప్పనిసరి. మాట్‌ప్లాట్‌లిబ్ కోడ్ నిండా 19680801 అనే సీడ్ కనిపిస్తుంది, అది ఈ లైబ్రరీని మొదలుపెట్టిన జాన్ హంటర్ పుట్టినరోజు, 1968 ఆగస్టు 1. ఇక పైటెస్ట్‌ను ఎక్కువ ప్రాసెస్‌లతో సమాంతరంగా నడిపినప్పుడే అప్పుడప్పుడూ ఫెయిలవుతుంటే, ఒకే మాడ్యూల్‌లో రెండు టెస్టులు ఒకే బేస్‌లైన్ పేరు వాడుతున్నాయేమో వెతకండి. ఒకటి రాస్తున్న ఫైలు మీద ఇంకోటి రాసేస్తుంది.

సీఐలో మాత్రమే ఫెయిలయ్యే వాటికి రిజల్ట్ ఇమేజెస్ ఫోల్డర్‌ను ఆర్టిఫాక్ట్‌గా అప్‌లోడ్ చేసే స్టెప్ పెట్టాలి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో టెస్ట్ స్టెప్ ఫెయిలవగానే తర్వాతి స్టెప్పులు ఆగిపోతాయి. అప్‌లోడ్ స్టెప్‌కు ఫెయిలైనప్పుడు కూడా నడవాలనే షరతు విడిగా రాయకపోతే, కావాల్సిన రోజే బొమ్మలుండవు.

మార్పు నిజంగా కావాలనే చేసిందైతే బేస్‌లైన్ మార్చాలి. మాట్‌ప్లాట్‌లిబ్ సోర్సులోని టూల్స్ ఫోల్డర్‌లో ట్రయాజ్ టెస్ట్స్ అనే స్క్రిప్ట్ ఉంది. ఫెయిలైనవాటిని ఒక్కొక్కటిగా చూపిస్తుంది, ఏ నొక్కితే కొత్త బొమ్మను బేస్‌లైన్‌గా సోర్సులోకి కాపీ చేస్తుంది, ఆర్ నొక్కితే పాతది ఉంచుతుంది. కొత్త బొమ్మల్ని సరైన ఫ్రీటైప్ ఉన్న బిల్డ్‌లోనే తయారు చేయాలి, లేకపోతే మీ ఫాంట్ తేడా అందరి నెత్తిన పడుతుంది. గిట్‌లోకి ఒకసారి వెళ్లిన పీఎన్‌జీ తర్వాత తీసేసినా చరిత్రలో ఉండిపోయి ప్రతి క్లోన్‌లోనూ దిగుతుంది. అందుకే అవకాశం ఉన్న ప్రతి చోటా చెక్ ఫిగర్స్ ఈక్వల్ డెకరేటర్ వాడమంటాను. అది రెండు ఫిగర్లు ఇస్తుంది, ఒకే బొమ్మను రెండు దారుల్లో గీయాలి. ఉదాహరణకు అడ్డగీత గీసే యాక్స్‌హెచ్‌లైన్‌తో ఒకటి, రెండు బిందువుల మధ్య మామూలు ప్లాట్‌తో ఇంకోటి. రెండూ అదే మెషీన్‌లో, అదే ఫ్రీటైప్‌తో పుడతాయి కాబట్టి బేస్‌లైన్ ఫైలూ అక్కర్లేదు, పైన చెప్పిన గొడవల్లో సగం రావు. రెండు దారులూ లోపల ఒకే ఫంక్షన్ గుండా పోతే మాత్రం ఆ ఫంక్షన్‌లోని తప్పు రెండు బొమ్మల్లోనూ ఒకేలా వచ్చి టెస్ట్ పాసైపోతుంది. రిఫరెన్స్ వైపు ఎప్పుడూ అన్నిటికంటే సాదా కాల్స్‌తోనే గీయండి.