ఫోటోలు గోడెక్కే లోపు ల్యాబులో నా అగచాట్లు

సొంతంగా తీసిన ఫోటోలతో చిన్న ప్రదర్శన పెట్టుకోవాలని ఉన్నవాళ్ళకి ముందే చెప్తున్నా: హాలు దొరుకుతుందా లేదా అని బెంగ పెట్టుకోకండి. జనం వస్తారా రారా అన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. ప్రింట్ల దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. నా ప్రదర్శన మొన్న ఆదివారంతో అయిపోయింది, కోపం మాత్రం ఇంకా పోలేదు. అది చల్లారేలోపే రాసేద్దామని కూర్చున్నా.

మాది ఒడిశాలోని బరంపురం. మందుల దుకాణంలో లెక్కలు చూస్తాను. దుకాణం తెరిచేలోపూ, సెలవు దొరికిన రోజునా కెమెరా మెడలో ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్, 24 మెగాపిక్సెల్, దానికో 50 ఎంఎం లెన్స్. అంతే నా ఆస్తి. దాంతో తీసినవి ఏళ్ళ తరబడి హార్డ్‌డిస్క్‌లో మూలుగుతున్నాయి. డాబాల మీద ఆరబెట్టిన అప్పడాలు, మగ్గం మీద పట్టు నేసే వేళ్ళు, రంభ దగ్గర చిలికా సరస్సులో పడవలు, జిరంగ్ బౌద్ధ మఠం మెట్ల మీద చెప్పులు వెతుక్కునే చిన్న భిక్షువులు, రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో ఒళ్ళంతా పులి చారలు వేయించుకుని టీ కొట్టు ముందు బన్ను తింటున్న కుర్రాడు. "ఇన్నేసి తీస్తారు, గోడ మీద ఒక్కటీ లేదు" అని మా ఆవిడ ఎన్నాళ్ళ నుంచో దెప్పుతోంది. సరే, పెడదాం అనుకున్నా.

ఫోటోలు ఏరే పని మా బావమరిదికి అప్పజెప్పాను. వాడికి నా ఫోటోలంటే పెద్ద గౌరవం లేదు కాబట్టి మొహమాటం లేకుండా తీసి పారేశాడు. గది మా వీధి గ్రంథాలయం పైన ఉన్నదే. సెక్రటరీ గారు ఒక్క మాటకే సరేనన్నారు, గోడలకు మేకులు కొట్టకూడదని మాత్రం షరతు పెట్టారు. ముఖాలు కనిపించే ఫోటోల్లోని వాళ్ళందరినీ కలిసి, "గోడ మీద పెట్టనా?" అని అడిగాను. ఒకాయన వద్దన్నాడు, తీసేశా. అడగకుండా పెట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంస్కారం వాళ్ళది.

ఇక ల్యాబు.

మొదటి పేచీ సైజు దగ్గరే వచ్చింది. నా కెమెరా ఫోటో 6000 బై 4000 పిక్సెళ్ళు, అంటే మూడుకు రెండు. 12×18 అంగుళాల కాగితం కూడా అదే లెక్క కాబట్టి ఏమీ కోయకుండా నిండుగా పడుతుంది, అంగుళానికి 333 పిక్సెళ్ళు వస్తాయి. ఎంత దగ్గరగా చూసినా ఢోకా లేదు. కౌంటర్లో కుర్రాడేమో "12×15 వేయించుకోండి భాయినా, ఫ్రేములు రెడీగా ఉన్నాయి" అంటాడు. 12×15 అంటే ఒక పక్క మూడంగుళాలు ఎగిరిపోవాల్సిందే. పులి కుర్రాడి తోక పోతుంది. తోక లేని పులి ఎందుకయ్యా అంటే, "ఎవరూ గమనించరు" అన్నాడు. పైగా ఫోటోలు వాట్సాప్‌లో పంపమన్నాడు. అలా ఎప్పుడూ పంపకండి, ఫోటో చిక్కి సగమవుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. నేను పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అది వైరస్‌తో తిరిగొచ్చింది, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. అందులో ఇంకేమీ పెట్టకుండా ఇచ్చాను కాబట్టి బతికిపోయా.

ఇవన్నీ ఒక ఎత్తు, మామ్మ ఫోటో ఒక ఎత్తు.

మా ఊరి దగ్గరి గోపాలపురంలో సముద్రపు ఇసుక మీద చేపలమ్మే మామ్మ ఒకావిడ ఉంది. ఆ తీరంలో వలలు వేసేవాళ్ళు చాలామంది మన తెలుగువాళ్ళే. ఎంతకాలంగా ఒడిశాలో ఉంటున్నా, ఇంట్లో మాట తెలుగే. పొద్దున్నే పడవలొచ్చే వేళకి వెళ్తే మామ్మ గంప పక్కన కూర్చుని ఉంటుంది. నేను తీసిన ఫోటోలో ఆవిడ పడవ నీడలో ఉంది. వెనక ముదురు నీలం రంగు పడవ, రెండు ముక్కుపుడకలు, నిగనిగలాడే నల్లటి ముఖం. కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా పచ్చబొట్లు: చుక్కల వరసలు, వాటి మధ్య ఒక తేలు. ఆ తేలు కొండి మీద చేప పొలుసు ఒకటి అతుక్కుని మెరుస్తోంది. గొప్పకి కాదు గానీ, నేను తీసినవాటిలో అంతకన్నా మంచి ఫోటో లేదు.

అది అలా రావడానికి కష్టపడ్డాను కూడా. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎదుట ఉన్నదంతా సగటు బూడిద రంగు అనుకుంటుంది. నల్లటి ముఖమూ ముదురు రంగు పడవా ఫ్రేము నిండా ఉంటే, వెలుతురు చాల్లేదనుకుని పెంచేస్తుంది. ముఖం పాలిపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి పట్టే వెలుతురు, మైనస్ 0.7కి తగ్గించి తీశాను. మామ్మ ఎదురుగా ఉంటే ఎలా కనిపిస్తుందో అలాగే వచ్చింది.

ప్రింట్లు తీసుకోడానికి వెళ్ళేసరికి పెళ్ళిళ్ళ సీజను, కౌంటర్ ముందు ఫోటోగ్రాఫర్ల గుంపు. కుర్రాడు కవరు విప్పి మామ్మ ఫోటో పైన పెట్టాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ముడతలు సగం లేవు. చెయ్యి నున్నగా ఉంది. తేలు లేదు. చుక్కలు లేవు. పొలుసు కూడా లేదు.

"ఇక్కడ పచ్చబొట్లు ఉండాలి కదా?" అన్నా.

"అవి మచ్చలు కదా భాయినా, క్లీన్ చేశా" అన్నాడు. పాపం, వాడి ముఖంలో మంచి పని చేశానన్న సంతోషం.

నేను గొంతు పెంచేసరికి లోపల్నుంచి ఓనరు వచ్చాడు. ఫోటో చేతిలోకి తీసుకుని, నన్ను కాదు, గుంపును చూస్తూ మాట్లాడాడు. "ఏం సార్, లైటు లేనప్పుడు తీశారా? మీరిచ్చిన ఫైలు బొగ్గులా ఉంది. మేం కష్టపడి లేపాం." అది సరైన ఎక్స్‌పోజరే అని చెప్పబోయా. "ల్యాబు పెట్టి ఇరవై ఏళ్ళయింది. నన్ను నల్లగా చూపించండి అని ఒక్క పెళ్ళికూతురూ అడగలేదు" అన్నాడు. గుంపంతా నవ్వింది. అందులో నాకు తెలిసిన ఫోటోగ్రాఫర్ ఒకడున్నాడు, వాడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. వెనకనుంచి ఎవరో "హాబీ సారులే, వదిలేయండి" అన్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. మళ్ళీ వేయమన్నాను. వేశారు. ఈసారి తేలు ఉంది గానీ ముఖం నారింజ రంగులో వచ్చింది. డబ్బు మాత్రం రెండిటికీ కట్టాల్సిందేనట. "కాగితం మాకు ఊరికే వస్తుందా?" అని అడిగాడు. కట్టాను. ఫైలు నాది, ముఖం మామ్మది, రంగు మాత్రం వాళ్ళిష్టం.

ఆ ఓనరు ఒక్కడిని తిట్టి లాభం లేదు. మా చెల్లెలి పెళ్ళి ఆల్బమ్‌లో దాన్ని మా మేనత్తే పోల్చుకోలేకపోయింది. పేజీలు డిజైన్ చేసి వేసే ఏ కరిజ్మా ఆల్బమ్ తిరగేసినా పెళ్ళికూతుళ్ళందరిదీ ఒకటే రంగు. ఈ జబ్బు మన దగ్గర పుట్టింది కూడా కాదు. ఫిల్ము రోజుల్లో కోడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోడానికి ల్యాబులకి ఒక తెల్లమ్మాయి ఫోటో పంపేది, షర్లీ కార్డు అనేవారు. ఆ అమ్మాయి రంగు సరిగ్గా పడితే మెషిన్ సరిగ్గా ఉన్నట్టే లెక్క. మిగతావాళ్ళ ముఖాలు ఎలా పడితే ఎవరికి కావాలి! చాక్లెట్ కంపెనీలూ చెక్క సామాను అమ్మేవాళ్ళూ తమ సరుకు రంగు ఫోటోల్లో సరిగా రావట్లేదని గోల పెట్టాక గానీ, ముదురు గోధుమ రంగుల మీద ధ్యాస పెట్టలేదట. మనిషి ముఖం కన్నా టేబుల్ రంగుకే ముందు న్యాయం జరిగింది. ఇవన్నీ ఆ రాత్రి నిద్ర పట్టక చదివాను. కౌంటర్ దగ్గరున్నప్పుడే తెలిసుంటే ఓనరు ముఖం మీదే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇక్కడ రాసుకుంటున్నా.

ప్రదర్శన తేదీ దగ్గరకొచ్చేసింది. సెక్రటరీ గారు చెప్తే సందులో ఉన్న ఒక చిన్న ల్యాబుకి వెళ్ళాను. అక్కడ మెషిన్ మీద కూర్చునేది ఒక ముసలాయన. మామ్మ ఫైలు స్క్రీన్ మీద తెరిచి కాసేపు చూసి, "గోపాలపురమా?" అన్నాడు. అంతే, ఫోటో బాలేదని గానీ బాగుందని గానీ అనలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టి చూపించాడు. మెషిన్‌కి నాలుగు మీటలు: సి, ఎం, వై, డి. మొదటి మూడూ రంగులకి (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు), డి ముదురుకి. ఆటో కరెక్షన్ పెడితే మెషిన్ ఫోటో మొత్తం సగటు చూసుకుని, నల్లగా ఉందనుకుంటే తేలిక చేసేస్తుంది. పెళ్ళి ఫోటోలకి అది చాలు, అందుకే ఎవరూ దాని జోలికి పోరు. ఆయన ఆటో తీసేసి నాలుగూ సున్నాలో పెట్టాడు. ముందు 4×6 సైజులో ఒక నమూనా తీశాడు. ట్యూబులైటు కింద చూడనివ్వలేదు, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతుర్లో చూడమన్నాడు. ఎరుపు కొద్దిగా ఎక్కువగా ఉందన్నాను. ఎం ఒక్క గీత తగ్గించాడు. కుదిరింది.

అందుకని మీరు చేయాల్సిందేంటంటే, ఆర్డరు కాగితం మీద "కరెక్షన్ వద్దు, రీటచ్ వద్దు" అని పెద్దక్షరాలతో రాయించండి, మీ ముందే రాయించండి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగులో పెట్టి ఇవ్వండి. అడోబీ ఆర్‌జీబీలో ఇస్తే చాలా ల్యాబుల్లో రంగులు చచ్చిపోయి వస్తాయి, తప్పు మళ్ళీ మీదేనంటారు. ల్యాబువాళ్ళు పొద్దున మెషిన్‌లో సెటప్ ప్రింటు తీసి రంగులు సరిచూసుకున్నాక వెళ్ళండి. గ్లాసీ కాగితం వద్దు, గదిలో కిటికీ ఉంటే ఫోటోలో కిటికీయే కనిపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ గానీ, కొద్దిపాటి మెరుపుండే లస్టర్ గానీ అడగండి. ఫ్రేముల ఖర్చు ఎందుకు, సన్‌బోర్డు అనే తేలికపాటి ఫోమ్ అట్ట మీద అతికించి దారంతో వేలాడదీస్తే చాలు. మేకుల గొడవ కూడా ఉండదు.

ప్రదర్శన బాగా జరిగింది. ఖల్లికోట ఆర్ట్ కాలేజీ పిల్లలు వచ్చి పులి కుర్రాడి ముందు చాలాసేపు నిలబడ్డారు, ఏ లెన్స్‌తో తీశారని అడిగారు. 50 ఎంఎం అంటే నమ్మలేదు. గట్టిగా నవ్విన ఆ ఫోటోగ్రాఫర్ కూడా వచ్చాడు. మామ్మ ఫోటో దగ్గర ఆగి, "ఇది ఎక్కడ వేయించావు?" అని మెల్లిగా అడిగాడు. చెప్పలేదు.

అయిపోయాక మామ్మకిస్తానన్న ప్రింటు పట్టుకుని గోపాలపురం వెళ్ళాను. మొదటి ల్యాబు వేసిన తెల్లదాన్ని కూడా తీసుకెళ్ళా, చూపించి ఇద్దరం కలిసి తిట్టుకుందామని. చేతులు చీర కొంగుకి తుడుచుకుని రెండూ పక్కపక్కన ఇసుక మీద పెట్టించింది. చాలాసేపు చూసింది. తర్వాత తెల్లదాని మీద వేలు పెట్టి, "మొగం ఇది బాగున్నాది బాబూ" అంది.

నాకు నోట మాట రాలేదు.

"సెయ్యి మాత్రం నాది కాదు. నా తేలేదీ? మా అమ్మ పొడిపించింది అది" అని కోప్పడింది. ఆ పక్కనే ఉన్న మనవరాలు, "నల్లదే నువ్వు మామ్మా, తెల్లదెవరో" అంది. ఇద్దరూ వాదులాడుకున్నారు. బేరానికొచ్చినవాళ్ళు కూడా చెరో పక్షం చేరారు. ఆఖరికి మామ్మ, "రెండూ ఇచ్చీ బాబూ" అని తీసేసుకుంది.

ఇచ్చేశాను. ఈ సంగతి ఆ ఓనరు చెవిన పడకుండా ఉంటే చాలు.