ఒకే కారుకి ఆరు పేర్లు

రోడ్డు మీద ఎంజీ కారు కనపడితే చాలు, మా ఫ్రెండ్స్‌లో ఒకడు "బ్రిటిష్ బండి" అంటాడు, ఇంకొకడు "చైనా వాళ్ళది రా బాబూ" అంటాడు, మూడోవాడు గుజరాత్‌లోని హాలోల్‌లో తయారవుతోంది కాబట్టి మనదేనని తేల్చేస్తాడు. ముగ్గురూ కరెక్టే. ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్ అనే షాపు పేరులోంచి పుట్టిన ఆ రెండక్షరాలు ఇప్పుడు షాంఘై కంపెనీ చేతిలో ఉన్నాయి, ఇక్కడి కంపెనీలో జిందాల్ వాళ్ళకీ వాటా ఉంది. బ్రిటిష్ బళ్ళ గురించి చదవడం మొదలుపెడితే ఏ పేరు చూసినా ఇదే వరస. పేరు ఒకచోట పుడుతుంది, బండి ఇంకోచోట తయారవుతుంది, ఓనరు మరెక్కడో ఉంటాడు. "జపాన్ వాళ్ళొచ్చి బ్రిటన్ కంపెనీల్ని ముంచేశారు" అని అందరూ అంటారు గానీ, నన్నడిగితే అది సగమే నిజం. అసలు జబ్బు ఆ పేర్ల దగ్గరే ఉంది.

ఇన్ని పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, చాలావరకు సైకిళ్ళ నుంచే. కోవెంట్రీలో 1885లో జె.కె. స్టార్లీ చేసిన రోవర్ సైకిల్ ఇవాళ మనం తొక్కే సైకిల్‌కి తాత. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, వెనక చక్రానికి చైను. ఆ రోవరే తర్వాత కార్లలోకి దిగి, 1948లో ల్యాండ్ రోవర్ తెచ్చింది. ట్రయంఫ్ పెట్టినాయన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్, జర్మనీ నుంచి వచ్చినవాడు, ఆయనా సైకిళ్ళతోనే మొదలు. హంబర్, సింగర్, రైలీ కూడా అంతే. సైకిళ్ళతో మొదలుకాని కంపెనీల కథలు ఇంకా సరదాగా ఉంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ మూలాలు రెడ్డిచ్‌లో సూదులు చేసే ఫ్యాక్టరీలో ఉన్నాయి. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అసలు వ్యాపారం తుపాకులు, అందుకే వాళ్ళ గుర్తులో మూడు రైఫిళ్ళు ఉంటాయి. (మన చిన్నప్పటి బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ సైకిల్ పేరు కూడా ఆ తుపాకుల కంపెనీదే.) వుల్‌స్లీ వాళ్ళయితే గొర్రెల బొచ్చు కత్తిరించే మెషీన్లు చేసేవాళ్ళు. అక్కడ పనిచేసిన హెర్బర్ట్ ఆస్టిన్ బయటికొచ్చి 1905లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. జాగ్వార్ 1922లో బ్లాక్‌పూల్‌లో మోటార్‌సైకిళ్ళకి సైడ్‌కార్లు చేసే చిన్న షాపు.

ఇక అసలు విషయానికొస్తే, ఆస్టిన్, మోరిస్ అక్కడ రెండు పెద్ద కంపెనీలు. 1952లో రెండూ కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. కాగితం మీద కలిశాయి గానీ డీలర్లు వేరు, కస్టమర్లు వేరు, ఒకప్పుడు మన ఊళ్ళలో ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు ఉన్నట్టు మోరిస్ కొనేవాడు ఆస్టిన్ షోరూం గడప తొక్కడు. ఎవర్నీ వదులుకోకూడదనుకున్నారు. 1962లో 1100 అనే ఒక కారు తెచ్చారు, నిజంగా మంచి కారు, 1960ల్లో చాలా ఏళ్ళు ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడుపోయింది అదే. దాన్ని మోరిస్, ఆస్టిన్, ఎంజీ, వుల్‌స్లీ, రైలీ, వాండెన్ ప్లాస్ అని ఆరు పేర్లతో అమ్మారు. వుల్‌స్లీకి ముందు గ్రిల్‌లో రాత్రిపూట వెలిగే బ్యాడ్జి, ఎంజీకి రెండు కార్బురేటర్లు, వాండెన్ ప్లాస్‌కి తోలు సీట్లు, వెనక కూర్చున్నవాళ్ళు టీ కప్పు పెట్టుకోవడానికి వాల్‌నట్ చెక్కతో చేసిన మడత బల్లలు. డోర్లూ, రూఫూ అన్నీ అవే! ఆ వెలిగే బ్యాడ్జి నాకూ నచ్చుతుంది, కాదనను. కానీ ఆరు రకాల గ్రిల్లులకీ, ఆరు రకాల బ్రోచర్లకీ పోసిన డబ్బు ఫ్యాక్టరీ మీద పెట్టి ఉంటే ఎలా ఉండేదో.

1968లో ఇది ఇంకా ముదిరింది. లారీలు, బస్సులు చేసే లేలాండ్ వాళ్ళు వచ్చి అందర్నీ కలిపి బ్రిటిష్ లేలాండ్ చేశారు. ఆస్టిన్, మోరిస్, జాగ్వార్, రోవర్, ట్రయంఫ్ అన్నీ ఒకే కప్పు కింద, ఎవరి కుంపటి వాళ్ళదే. దీనికి ట్రయంఫ్ స్టాగ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1970లో వచ్చింది, చూడ్డానికి ఇప్పటికీ అందగత్తె. దానికి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ కావాలి. పక్కనే రోవర్ దగ్గర అమెరికాలోని బ్యూయిక్ నుంచి కొన్న 3.5 లీటర్ల అల్యూమినియం ఇంజిన్ ఉంది, తేలికైనది, గట్టిది, పేరున్నది. కానీ ట్రయంఫ్ వాళ్ళు సొంతంగా 3 లీటర్ల ఇంజిన్ చేసుకుని అదే బిగించారు. అది వేడెక్కిపోయేది, సిలిండర్ హెడ్లు వంకర తిరిగేవి, కొన్నవాళ్ళు లబోదిబోమన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, అదీ పరిస్థితి. 1975కల్లా ప్రభుత్వమే కంపెనీని తన చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది.

బైకుల్లో మాత్రం జపాన్ దెబ్బ నిజమే. బ్రిటిష్ ట్విన్‌లలో, అంటే రెండు సిలిండర్ల బైకుల్లో, క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది డబ్బా) నిలువుగా రెండు ముక్కలు, ఆ అతుకు నూనె ఉండే అడుగుదాకా వస్తుంది, కాస్త వదులైతే ఆయిల్ కారాల్సిందే. బండి ఆపిన చోట మరక పడకపోతే ఆయిల్ అయిపోయిందేమో చూసుకో అని జోకు. 1969లో హోండా సీబీ 750 వచ్చింది: నాలుగు సిలిండర్లు, సెల్ఫ్ స్టార్ట్, ముందు డిస్క్ బ్రేకు, అడ్డంగా కోసిన క్రాంక్‌కేస్, బొట్టు కారదు. కార్ల నుంచి ఎప్పుడో విడిపోయిన ట్రయంఫ్ బైకుల్ని కూడా అప్పటికే కొనేసి ఉన్న బీఎస్ఏ 1973లో కుప్పకూలింది.

మన దగ్గర ఇదంతా తిరగేసి జరిగింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, మద్రాసులో 1955లో మొదలైన బుల్లెట్ మాత్రం ఆగలేదు, పైగా 1977 నుంచి తిరిగి ఇంగ్లండ్‌కే ఎగుమతి అయింది. మా మావయ్య బుల్లెట్ ఆ పాత రకం, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్ట్ చేయడమే ఒక తంతు. కిక్కర్ మెల్లగా నొక్కుతూ హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకొచ్చేదాకా చూడాలి, అప్పుడు ఇంజిన్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ లివర్ పట్టి కిక్కర్‌ని ఇంకాస్త దించి వదలాలి, ఆ తర్వాత ఒక్క తాపు. ఓపిక లేకుండా తన్నితే కిక్కర్ ఎదురు తన్నేది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు కథ కూడా బుల్లెట్ లాంటిదే, అక్కడ ఎప్పుడో మర్చిపోయిన మోడల్ ఇక్కడ అంబాసిడర్ పేరుతో 2014 దాకా నడిచింది. హైదరాబాద్ సంగతి ఇంకాస్త పాతది. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టినప్పుడు తెప్పించింది గ్లాస్గోలో చేసే ఆల్బియన్ బస్సులు. ఆ ఆల్బియన్‌ని 1951లో లేలాండ్ మింగేసింది, లేలాండ్ తర్వాత తనే ముక్కలైంది, దాని పేరు మాత్రం ఇవాళ్టికీ మన ఆర్టీసీ బస్సుల మూతి మీద అశోక్ పక్కన ఉంది.

ఇప్పుడు లెక్క చూస్తే ఆ పేర్లలో కొన్ని మనవాళ్ళ దగ్గరే. జాగ్వార్, ల్యాండ్ రోవర్ టాటాకి, నార్టన్ టీవీఎస్‌కి, బీఎస్ఏ బైకులు మహీంద్రా గ్రూపుకి. ట్రయంఫ్ బైకుల ఓనరు ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు గానీ 400 సీసీ బళ్ళు బజాజ్ వాళ్ళు చేస్తున్నారు. ట్రయంఫ్ కార్ల పేరేమో బీఎండబ్ల్యూ దగ్గర మూలన పడి ఉంది.

వీటన్నిట్లో నాకు ఇష్టమైన పేరు ఎవరికీ పెద్దగా తెలియని లాంచెస్టర్. బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. కంపెనీని 1930ల మొదట్లో బీఎస్ఏ కొంది, బీఎస్ఏ దగ్గరే ఉన్న డైమ్లర్ అనే ఇంకో కార్ల కంపెనీతో పాటు 1960లో జాగ్వార్ చేతికి వెళ్ళింది, అక్కణ్ణుంచి బ్రిటిష్ లేలాండ్, తర్వాత ఫోర్డ్, చివరికి 2008లో టాటా. ఆ పేరుతో కార్లు రావడం 1950ల్లోనే ఆగిపోయింది. టాటా వాళ్ళు ఎప్పుడో ఒక ఎలక్ట్రిక్ కారుకి లాంచెస్టర్ అని పెడతారేమో అని నాకో ఆశ. పెడితే మంచిదే, కాకపోతే దయచేసి అదే కారుకి గ్రిల్ మార్చి డైమ్లర్ అని పక్క షోరూంలో అమ్మొద్దు.