బావగారి మాట, చిన్నదాని కోర్సు

"సేవ చెయ్యడానికి మనసుంటే చాలు కదమ్మా, దానికి రెండేళ్లు ఫీజు కట్టి డిగ్రీ ఎందుకు?"

మధ్యాహ్నం బావగారు అన్న ఈ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. అందరూ పడుకున్నారు, నాకే నిద్ర పట్టడం లేదు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదని తెలుసు. కానీ పప్పుచారు వడ్డించుకుంటూ, మా చిన్నమ్మాయి మొహమైనా చూడకుండా, ఎంతో తేలిగ్గా అనేశారు. అది అన్నం కెలుకుతూ ఉండిపోయింది. మా ఆయన సంగతి మీకు తెలిసిందే, అన్నగారి ముందు నోరు పెగలదు. నేను అప్పడాల వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

అసలు ఇవాళ పండగ చేసుకోవాల్సిన రోజు. సోషల్ వర్క్‌లో పీజీ, అదే ఎమ్మెస్‌డబ్ల్యూ, దాని ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అదీ అది కోరుకున్న కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌కే, అంటే జనాన్ని కూడగట్టి వాళ్ల సమస్యల మీద పనిచేసే విభాగానికే. పొద్దున మెయిల్ చూసి తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చి నన్ను చుట్టేసింది.

బావగారు అక్కడితో ఆగినా బావుండేది. "సరే, చేరతానంటే హెచ్ఆర్ తీసుకో. అదే కాలేజీ, అదే ఎమ్మెస్‌డబ్ల్యూ, ఏసీలో కుర్చీ" అన్నారు. చిన్నది ఉండబట్టలేక "ఒబామా కూడా మొదట చికాగోలో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గానే పనిచేశాడు పెదనాన్నా" అంది. "చేసి? లా చదవడానికి హార్వర్డ్ వెళ్లిపోయాడుగా" అన్నారాయన. దానికి దాని దగ్గర జవాబు లేదు. అప్పటికి నా దగ్గరా లేదు. కోపం ఆయన మీదకంటే ఆ జవాబు లేకపోవడం మీదే ఎక్కువ వచ్చిందేమో.

ఈ చదువేదో నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడతారు. ముంబైలో టాటా వాళ్ల సోషల్ వర్క్ స్కూలు 1936లోనే మొదలైంది. మన చెన్నై ఎగ్మూరులో ఉన్న మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌ని మేరీ క్లబ్‌వాలా జాదవ్ 1952లో పెట్టారు. సోషల్ వర్క్ కాలేజీలో హెచ్ఆర్ ఏమిటని మొదట్లో నాకూ వింతగా ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న చోట సంక్షేమాధికారిని పెట్టాలంది. ఆ ఉద్యోగాలకి తగ్గట్టు కాలేజీల్లో కార్మిక సంక్షేమం నేర్పేవాళ్లు, అది పోను పోను పర్సనెల్ మేనేజ్‌మెంట్ (సిబ్బంది వ్యవహారాలు) అయి, చివరికి హెచ్ఆర్ దగ్గర తేలింది. కార్మికుల మంచిచెడ్డలు చూడ్డానికి వచ్చిన చదువు కంపెనీ వైపుకి జరిగిపోయిందని నా బాధ. బావగారికి మాత్రం ఆ కోర్సు మొత్తంలో నచ్చింది అదొక్కటే.

ఆయన వెళ్లాక అత్తయ్య ఇంకో పుల్ల వేశారు. "దుర్గాబాయమ్మ ఏ కోర్సు చేసి ఆంధ్ర మహిళా సభ పెట్టింది?" అన్నారు. అత్తయ్యకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే ఇంటి మనిషి కిందే లెక్క. ఈ ఊళ్లోనే, ఆడపిల్లల్ని బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టి చదివిస్తూ మొదలుపెట్టిన సభ అది. నిజమే, అప్పటికావిడ లాయరు కాదు. లా పట్టా, మద్రాసులో ప్రాక్టీసు, రాజ్యాంగ సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, అన్నీ తర్వాతే.

అత్తయ్య మాట దగ్గర నాకు ఇస్త్రీ అక్క గుర్తొచ్చింది. పెరంబూర్ ఇంట్లో ఉన్నప్పుడు వీధి మొదట్లో బండి పెట్టుకునేదే, ఆవిడ. 2019. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి, జోలార్‌పేట్ నుంచి రైల్లో నీళ్లు తెప్పించిన సంవత్సరం. లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే వీధి మొదట్లోనే సగం ఖాళీ, మా చివరి ఇళ్లకి వచ్చేసరికి పైపులో గాలి. బిందెల దగ్గర జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. ఇస్త్రీ అక్క చిత్తూరు వైపు మనిషి, ఎనిమిదో తరగతి కూడా దాటలేదు. ఒకరోజు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, సుద్దముక్క తీసుకుని బిందెల మీద ఇంటి నంబర్లు వేసేసింది. ముందు చంటిపిల్లల ఇళ్లు, తర్వాత ముసలాళ్లు, తర్వాత మనం. ఇంటికి ఇన్నే బిందెలు. ఎదురు మాట్లాడినవాళ్లని "నీ బిందె నేనే మోస్తాను, ముందు ఆవిణ్ణి పట్టుకోనీ" అని నోరు మూయించేది. లారీ డ్రైవర్ ఫోన్ నంబరు కూడా ఆవిడ దగ్గరే ఉండేది. ఖాళీ బిందెలతో మమ్మల్నందరినీ నీళ్ల బోర్డు ఆఫీసుకి నడిపించిందీ ఆవిడే. చీర కొంగు బొడ్లో దోపుకుని ముందు నడుస్తుంటే వెనక పాతికమందిమి.

కాబట్టి బావగారి మాటే నిజమేమో అని రాత్రి అంట్లు తోముతున్నంతసేపూ అనిపించింది. మనిషిని నమ్మించి వెనక నడిపించడం ఏ క్లాసులో వస్తుంది? చిన్నది ఓ ఏడాది ఎక్కడైనా పనిచేసి, ఎక్కడ అడ్డం తగులుతుందో చూసుకుని, అప్పుడు చేరితే మంచిదేమో. ఒబామా వెళ్లిందీ, దుర్గాబాయి లా చదివిందీ అలాగే కదా, పనిలో దిగాకే.

కానీ ఆ ఆఫీసులో జరిగింది కూడా గుర్తొచ్చింది. అక్కడ గుమాస్తా మా గోల విని "లారీ పంపించాం, తిరిగిన లెక్కకి ట్రిప్ షీట్ ఉంది" అని ఒక్క ముక్కతో తేల్చేశాడు. ఇస్త్రీ అక్క ఎంత అరిచినా అదే జవాబు. అప్పుడు పనికొచ్చింది ఆ కాలేజీ పిల్ల నోటుబుక్కు. ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతూ ఫీల్డ్‌వర్క్ అని వారానికి రెండు రోజులు మా వీధికి వచ్చేది, మెడలో ఐడీ కార్డు వేసుకుని. మొదటిరోజు లైన్లో నిలబడ్డ మమ్మల్ని "మీ ప్రాంతంలో ప్రధాన సమస్య ఏమిటి?" అని అడిగి అక్క చేత తిట్లు తింది. తర్వాత వారం ఆ ప్రశ్నల కాగితం కనపడలేదు. వాళ్ల సూపర్‌వైజర్ దాని రిపోర్టు చదివి "అడగడం ఆపి, వెళ్లి వాళ్లతో లైన్లో నిలబడు" అన్నారట. అలాగే నిలబడింది. మా అరుగు మీద కూర్చుని లారీ ఎన్నింటికొచ్చింది, ఏ ఇంటి దగ్గర ఆగింది, ఎవరికి ఎన్ని బిందెలు అని గీతలు గీసి రాసేది. తను రాని రోజుల్లో రాయమని మా పెద్దదానికి నేర్పింది. రెండోసారి వెళ్లినప్పుడు ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. పక్కనే పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించిన సమాచార హక్కు దరఖాస్తు, ఆ నెల ట్రిప్ షీట్ల నకళ్లు కావాలని. 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 చట్టంలో ఉందని మెల్లగా, అండీ గారూ అంటూనే చెప్పింది. జవాబు రాకముందే లారీ వీధి చివరికి రావడం మొదలైంది.

ఆ పిల్ల లేకపోయినా ఇస్త్రీ అక్క ఇంకో దారి వెతికేదేమో. కానీ బల్ల మీద ఏం పెడితే ఆ గుమాస్తా కదులుతాడో మాలో ఎవరికీ తెలియదు, ఆ పిల్లకి తెలుసు. అది మనసుతో వచ్చే విద్య కాదు, ఎవరో నేర్పారు. తప్పు ప్రశ్న అడిగితే ఆ వారంలోనే కూర్చోబెట్టి దిద్దారు. నాకు తెలిసినంతలో ఈ కోర్సుకి కట్టే ఫీజంతా ఆ దిద్దుబాటుకే.

ఏడాది పనిచేసి చేరడం కూడా చెప్పినంత సులువు కాదు. డిగ్రీ లేకుండా వెళ్తే వలంటీరు అంటారు, బస్సు ఖర్చులిస్తారు. నాకు అసలు మంట ఇక్కడే. సేవ అనేసరికి జీతం అడగడం తప్పయిపోతుంది. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి, ఖర్చుపెట్టాలి. నేను చూసినంతవరకూ ట్యాంకు కట్టిస్తారు, దాని మీద పేరు రాయించుకుంటారు. ట్యాంకులోకి నీళ్లెందుకు రావడం లేదని వీధిని కూడగట్టి అడిగించే మనిషికి జీతం ఎవరిస్తారు? విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక పెద్ద సంస్థకి వచ్చిన ఆ డబ్బు చిన్న సంస్థకి పంచడానికి లేదు, ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఇలాంటి పనిచేసే చిన్న సంస్థలు దేనితో నడవాలి? బావగారు డిగ్రీ ఎందుకని కాకుండా, చదివాక దీనికి సరైన జీతం ఎవరిస్తారని అడిగి ఉంటే నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఆయన అడగలేదు, ఆయన దృష్టిలో అది జీతం పుచ్చుకోవాల్సిన పనే కాదు.

ఇంటర్వ్యూ రోజు దానితో నేనూ వెళ్తాను. ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది పిల్లలు, ఫీల్డ్ రిపోర్టులు నిజంగా చదువుతారా, పోయినేడు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ చేసినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు, చేతికెంత వస్తోంది, ఇవన్నీ అడగమన్నాను. అది అడగకపోతే బయట సీనియర్లని పట్టుకుని నేనే అడుగుతాను. జవాబులు బావుంటే ఫీజు మొదటి విడతకి ఈ నెల చీటీ పాడేస్తాను. పొద్దున కాఫీ దగ్గర మా ఆయనకి చెప్పాలి, బావగారికి ఆయనే చెప్పుకుంటారు.