నా మొదటి హాఫ్ మారథాన్: ఎత్తుల ఊళ్లో 21 కిలోమీటర్లు

హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ అంటే దూరం కన్నా ఎత్తులే ఎక్కువ పరీక్ష పెడతాయి. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో మా పరుగు నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్డు చదునుగా ఉంటుంది. పంజాగుట్ట దాటాక అసలు సంగతి తెలుస్తుంది. అక్కడి నుంచి కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా చాలావరకు ఎక్కుడే. నలభై ఆరేళ్ల వయసులో, రోజంతా క్లాసులో నిలబడి లెక్కలు చెప్పే ఉద్యోగం చేసుకుంటూ ఆ దారి పూర్తి చేయగలిగానంటే, నెమ్మదిగా పరిగెత్తడం నేర్చుకోవడం వల్లే.

మేముండేది తార్నాకలో. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ నడిచి వెళ్లేంత దగ్గర. తెల్లారకముందే ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల రోడ్లన్నీ జనంతో ఉంటాయి. వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు, యోగా చేసేవాళ్లు, కానిస్టేబుల్ ఉద్యోగాల ఈవెంట్స్ కోసం తయారయ్యే పిల్లలు. ఆ పిల్లలు మగవాళ్లయితే 1600 మీటర్లు, ఆడవాళ్లయితే 800 మీటర్లు నిర్ణీత సమయంలో పూర్తి చేయాలి కాబట్టి ఉన్న శక్తంతా పెట్టి ఉరుకుతారు. పక్కనుంచి వాళ్లు దూసుకుపోతుంటే మన కాళ్లు కూడా తెలియకుండానే వేగం అందుకుంటాయి. రెండు నిమిషాలు తిరక్కుండానే రొప్పు.

అక్కడ రోజూ పరిగెత్తే ఒక రిటైర్డ్ ఉద్యోగి నన్ను గమనించి దగ్గరికొచ్చారు. ‘ఎంత దూరం పోదామనుకుంటున్నవమ్మా?’ అని అడిగారు. హాఫ్ అన్నాను. ‘అయితే ఆ పిల్లలను చూడకు. పరిగెత్తుతూ పక్కమనిషితో ఒక పూర్తి మాట చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి తెగిందంటే స్పీడ్ తగ్గించు’ అన్నారు. నా పక్కన మనిషి లేరు కాబట్టి పదమూడో ఎక్కం పైకి చదవడం మొదలుపెట్టాను. పదమూడు ఒకట్ల నుంచి పదమూడు పదుల దాకా, వరుసకు ఒక ఊపిరి. ఎక్కడైనా అంకె నోట్లో ఆగిపోతే వెంటనే నడకలోకి దిగేదాన్ని. మొదట్లో పావుగంటకే నడవాల్సి వచ్చేది. వానలు మొదలయ్యేనాటికి అదే ఎక్కం చదువుతూ క్యాంపస్ చుట్టి రాగలిగాను. వాచీలో వేగం ఎంత చూపించినా దాని జోలికి పోలేదు.

ఈ పద్ధతి వెనక గట్టి కారణముంది. నెమ్మది పరుగులో ఒళ్లు కొవ్వును ఎక్కువగా ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటుపడతాయి కానీ, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండాన్లు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం ఒక్కసారిగా పెంచితే దెబ్బ తగిలేది అక్కడే. మామూలుగా ఓ మాదిరి నడిచే అలవాటున్నవాళ్లకు హాఫ్ మారథాన్ ప్రణాళికలు 12 నుంచి 16 వారాలు ఉంటాయి. నేను అంతకంటే ఎక్కువ సమయం తీసుకున్నాను, ఇష్టంగానే. వారంలో మూడు పరుగులు, అందులో ఆదివారానిది పొడవాటిది. మిగతా రోజుల్లో ఇంట్లోనే కాళ్ల బలానికి వ్యాయామాలు.

ఆ వ్యాయామాల విలువ నాకు నొప్పి వచ్చినప్పుడు తెలిసింది. మోకాలి కింద ముందువైపు ఎముక వెంబడి, వేలితో నొక్కితే చాలు, జివ్వున లాగేది. ఫిజియోథెరపిస్టు పరుగు కొన్నాళ్లు తగ్గించమని, పిక్కలకు బలం పెంచమని చెప్పారు. మా అపార్ట్‌మెంట్ మెట్టు అంచున పాదాల ముందుభాగం ఆనించి, మడమలు పైకి లేపి, మూడు లెక్కపెట్టేంతసేపు మెల్లగా కిందికి దించడం. రెండు కాళ్లతో మొదలుపెట్టి తర్వాత ఒక్కో కాలితో. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది, పదోసారికి పిక్క మండిపోతుంది. దీన్ని ఎవరూ వదిలేయకూడదని గట్టిగా నమ్ముతాను, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్లు. మెనోపాజ్ దగ్గరపడే కొద్దీ ఎముకల సాంద్రత తగ్గుతుంది మనకు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒలింపిక్స్‌లో మగవాళ్ల మారథాన్ 1896 నుంచీ ఉంది. ఆడవాళ్లకు 1984లో, లాస్ ఏంజిల్స్‌లో మొదటిసారి పెట్టారు. అంత దూరం ఆడవాళ్ల శరీరం తట్టుకోదని అన్నేళ్లు వాదించారు. మా అమ్మ కూడా వరంగల్ నుంచి ఫోన్ చేసి ‘గంత దూరం ఉరుకుడెందుకే బిడ్డా, ఏమన్న అయితది’ అనేది. ఆమె భయంలో ప్రేమ ఉంది. నేను ప్రతి ఆదివారం పరుగు అయ్యాక ఆమెకు ఫోన్ చేసి, ఏం తిన్నానో, ఎంత దూరం పోయానో చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఆమే అడగడం మొదలుపెట్టింది, ఇయ్యాల ఎంత ఉరికినవని.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, గంటన్నర, రెండు గంటల గట్టి పరుగుకు సరిపోతుంది. నాకు అంతకు మించి పడుతుంది కాబట్టి దారిలో తినాల్సిందే. పరుగులో శక్తి కోసం మింగే తియ్యటి జెల్ నా కడుపుకు పడలేదు, గింజలు తీసిన ఖర్జూరాలు పడ్డాయి. పోటీ రోజు కొత్తగా ఏదీ నోట్లో పెట్టకూడదు, కాలికి తొడగకూడదు. నీళ్లు మరీ ఎక్కువ తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దాహాన్ని బట్టి తాగుతూ, మధ్యమధ్య ఓఆర్‌ఎస్ తీసుకున్నాను.

పోటీ రోజు గాలిలో తేమ బాగా ఉంది. ఆగస్టు తెల్లవారుజామున చల్లగానే అనిపిస్తుంది, కానీ చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బట్టలకు పెట్టుకునే నంబర్ కాగితం (బిబ్) వెనక, సమయం లెక్కించే చిప్ సరిచూసుకుని, నా వేగానికి సరిపోయే పేసర్, అంటే ఒకే వేగంతో పరిగెత్తుతూ దారి చూపే మనిషి, పట్టుకున్న జెండా వెనక నిలబడ్డాను. పరుగు మొదలవగానే చుట్టూ జనం ఒక్కసారిగా కదిలారు. నేను పదమూడో ఎక్కం అందుకున్నాను. పక్కన పరిగెత్తే అమ్మాయి విని నవ్వి, తనూ గొంతు కలిపింది. రాజ్‌భవన్ రోడ్డు దాకా ఇద్దరం పద్నాలుగు, పదిహేను కూడా చదివేశాం.

ఎత్తులొచ్చాక అడుగులు చిన్నవి చేశాను. చేతులు కొంచెం గట్టిగా ఊపుతూ, చూపు పది అడుగుల ముందు రోడ్డు మీద నిలిపి ఎక్కాను. ఎక్కం ఆగిన ప్రతిచోటా నడిచాను. కేబీఆర్ పార్కు పక్కన వేగంగా వెళ్లినవాళ్లు నడుములు పట్టుకుని ఆగిపోవడం కనిపించింది, వాళ్లను చూసి జాలేసింది. చెక్‌పోస్టు దాటి రోడ్ నంబర్ 45 దిగుడులో పడ్డాక తొడలు పట్టేయడం మొదలైంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువును ఆపాల్సింది తొడలే మరి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద గాలి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ వంతెన 2020లో వచ్చింది, దాని మీద నడవడానికి కూడా నేను ఎప్పుడూ రాలేదు. పైనున్న తీగల కింద పరిగెత్తుతుంటే గర్వంగా అనిపించింది, ఇక్కడిదాకా నా కాళ్ల మీద వచ్చానని.

చివరి నాలుగు కిలోమీటర్లు కష్టమే. ఎండ వచ్చేసింది, ఎడమ పిక్క బిగుసుకుంది. ఐటీ ఆఫీసుల మధ్య రోడ్డు మీద ఒక వాలంటీర్ కుర్రాడు, ఇంటర్ చదువుతుంటాడేమో, ‘మేడమ్, ఒక్క నిమిషం’ అని ఐస్ ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. పిక్కకు రాసుకుంటూ నడిచి, మళ్లీ పరుగందుకున్నాను. స్టేడియంలోకి తిరిగినప్పుడు ఎక్కం చదివే ఊపిరి ఇంకా మిగిలి ఉంది. ఆ ఊపిరితో చివరి మలుపు మాత్రం ఈవెంట్స్ పిల్లల్లాగా ఉరికాను. మూడు గంటల లోపే పూర్తయింది. మెడల్ మెడలో పడ్డాక అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేశాను. ‘నీళ్లు తాగినవా లేదా?’ అంది.

తర్వాత కొన్ని రోజులు మెట్లు దిగడం కష్టమైంది. వారం పాటు పరుగు జోలికి పోకుండా నడిచాను. ఇప్పుడు మా బడి నుంచి ఇద్దరు టీచర్లు ఆదివారాలు క్యాంపస్‌కు వస్తున్నారు. వాళ్లకు మొదటి నెల పనిగా చెప్పింది ఇంతే: అరగంట బయట ఉండండి, రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. ఏ ఎక్కం చదువుకుంటారో మీ ఇష్టం. తెల్లారకముందు ఒక్కరే రావద్దు, ముగ్గురం కలిసే వెళ్దాం.